ఫోజు అడగని స్టూడియో: వడపళనిలో షష్టిపూర్తి ఫోటోలు

వడపళని ఆండవర్ గుడికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఆర్కాట్ రోడ్డు వెనుక వీధిలో, మొదటి అంతస్తులో నడిచే ఈ పోర్ట్రెయిట్ స్టూడియోలో మా అమ్మానాన్నల షష్టిపూర్తి సందర్భంగా కుటుంబ చిత్రాలు తీయించుకున్నాం. ఒక్కొక్కరిని విడిగా తీసిన చిత్రాలు, జంట చిత్రాలు ఇంత బాగా చెన్నైలో ఈ ధరకు మరొకచోట వస్తాయని నేను అనుకోను. బంధువులందరినీ కలిపి తీసిన గ్రూపు ఫోటో గురించి మాత్రం ఆ మాట అనలేను. తీసినవారు ఒకరే, గది ఒకటే, ఉదయం ఒకటే అయినప్పుడు ఫలితాల్లో ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నది ఇక్కడికి వెళ్ళాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదట లెక్కలు చెప్పేస్తాను. రెండు గంటల సమయానికి 9,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. తీసినవాటిలో మనం ఎంచుకున్న 20 చిత్రాలను దిద్ది ఇస్తారు. అంతకు మించి కావాలంటే ఒక్కో చిత్రానికి విడిగా చెల్లించాలి. ఆల్బమ్, ఫ్రేము ఈ ధరలో కలిసి లేవు. ఇంతకన్న తక్కువకు తీసేవారు ఈ పేటలోనే దొరుకుతారు. అక్కడ అరగంటలో పని ముగించి వందల ఫోటోలు చేతిలో పెడతారు. ఇక్కడ ఫోటోలు తక్కువ, సమయం ఎక్కువ. ఆ సమయాన్ని ఏం చేస్తారన్నదే ఈ స్టూడియో ప్రత్యేకత.

తేదీ ఖరారయ్యాక ఫోటోగ్రాఫరుగారు స్వయంగా ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు. ఆమె పూర్వీకులు నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడినవారు. మాటల్లో తమిళం ధారాళంగా దొర్లుతుంది గాని తెలుగు చక్కగా మాట్లాడతారు. ఎవరికి మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎవరు కళ్ళజోడు పెట్టుకుంటారు, ఎవరికి ఏ చెవి సరిగా వినపడదు, ఎవరెవరికి మధ్య మాటల్లేవు అని వరుసగా అడిగి రాసుకున్నారు. (చివరి ప్రశ్నకే ఎక్కువ సమయం పట్టిందని వేరే చెప్పనక్కరలేదు.) బట్టల గురించి ఆమె ఇచ్చిన సలహా నేను మరెక్కడా వినలేదు. వేడుకకు కొన్న కొత్త కంచిపట్టు చీరను ఫోటోలకు ముందు ఒక్కసారైనా కట్టి విప్పమన్నారు. మడతలు విడని పట్టు భుజం మీద అట్టలా నిలబడుతుందని, దానికి తగ్గట్టు కట్టుకున్నవారు కూడా తెలియకుండానే బిగుసుకుంటారని వివరించారు. అదే కారణంతో నాన్నగారి పంచెకు గంజి తగ్గించమన్నారు.

స్టూడియో గది పెద్దదేమీ కాదు. ఉత్తరం వైపు గోడలో సగానికి పైగా కిటికీ, దానికి పల్చటి తెల్ల తెర, ఆ వెలుతురు చాలనప్పుడు తోడుగా ఒక పెద్ద సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు తెల్లగుడ్డ కట్టి వెలుతురును మెత్తబరిచే పెట్టె), ఎదురుగా నీడలను తేలిక చేయడానికి తెల్లటి థర్మాకోల్ పలక, అంతే సామగ్రి. ఉత్తరపు కిటికీలో నేరుగా ఎండ పడదు కాబట్టి వెలుతురు నిలకడగా ఉంటుందన్నది ఐరోపా చిత్రకారుల నాటి నుంచి వస్తున్న మాట. దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న చెన్నైలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికే ఒరిగి ఉంటాడు కాబట్టి ఇక్కడ ఆ తెర లేకుండా పని జరగదు. వెలుతురు వచ్చే తలం ఎంత పెద్దదైతే, అది మనిషికి ఎంత దగ్గరగా ఉంటే, నీడలు అంత మెత్తగా పడతాయి. అలాంటి వెలుతురులో కూర్చున్నవారు అటు ఒక అడుగు జరిగినా, ఇటు తల తిప్పినా ముఖం చెడదు. చిన్న లైటు పెట్టి, నేల మీద టేపు అతికించి, ఆ గుర్తు దాటి కదలవద్దని చెప్పే స్టూడియోలలో సహజమైన భంగిమ రాకపోవడానికి సగం కారణం లైటేనని నాకు ఇక్కడే అర్థమైంది. పైగా మేము వెళ్ళేసరికే సహాయకుణ్ణి కూర్చోబెట్టి కొలతలన్నీ చూసుకుని ఉన్నారు. కుర్చీలో కూర్చున్న మనిషిని అలాగే ఉంచి లైటుస్తంభాలు జరుపుతూ పోతే ఎంత హుషారుగా వచ్చినవారైనా నీరసిస్తారు. ఆ పరిస్థితి మాకు ఒక్కసారి కూడా ఎదురవలేదు.

మా నాన్నగారు రైలు పెట్టెలు తయారుచేసే పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో, పెట్టెల లోపల సీట్లు, బెర్తులు అమర్చే ఫర్నిషింగ్ విభాగంలో పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యారు. ఆయన దృష్టిలో ఫోటో అంటే గుర్తింపు కార్డు ఫోటోయే. కెమెరా కనబడితే చాలు, చేతులు రెండూ తొడలకు ఆనించి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టేస్తారు. ఈ బిగుతు ఆయన ఒక్కరిదే కాదు, ఫోటోగ్రఫీతో పాటే పుట్టినది. 1839లో డాగెర్ పద్ధతి (వెండిపూత రేకు మీద ఫోటో తీసే తొలినాటి పద్ధతి) లోకానికి తెలిసిన కొత్తలో ఒక్క చిత్రానికి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. తల నిలకడగా ఉండడానికి వెనుక నుంచి ఇనుప ఊతం కూడా పెట్టేవారు. మెరుగైన లెన్సులు, రసాయనాలు వచ్చాక ఆ అవసరం తగ్గిపోయింది గాని, కదిలితే ఫోటో పాడవుతుందన్న భయం మాత్రం తరం తర్వాత తరానికి అందుతూ వచ్చింది. ఫిలిం రీలులో మిగిలిన ఫోటోలు లెక్కపెట్టుకుంటూ బతికిన కాలం ఆ భయాన్ని మరికొంత పెంచింది.

ఫోటోగ్రాఫరుగారు మా నాన్నగారిని ఎత్తయిన స్టూలు అంచున కూర్చోబెట్టి, ఒక పాదం నేల మీద, రెండోది స్టూలు అడ్డకర్ర మీద పెట్టించారు. వెనక్కి ఆనుకునే వీలు లేకపోవడంతో వెన్ను దానంతటదే నిలబడింది, ఎవరూ నిటారుగా కూర్చోమని చెప్పవలసిన పని లేకపోయింది. తర్వాత కెమెరా మెడలోనే వదిలేసి, "స్లీపర్ బోగీలో మిడిల్ బెర్తు గొలుసు అంత బరువు ఎలా ఆపుతుంది సార్?" అని అడిగారు. "గొలుసు ఒక్కటే కాదమ్మా, గోడవైపు కీళ్ళున్నాయి కదా, సగం అవే మోస్తాయి" అంటూ నాన్నగారు రెండు చేతులూ ముందుకు చాచి, లేని బెర్తును పైకెత్తి, లేని గొలుసును కొక్కేనికి తగిలించి చూపించారు. ఆ వివరణ సాగుతున్నంతసేపూ ఆమె ఫోటోలు తీస్తూనే ఉన్నా, మేము ఎంచుకున్నది వివరణ ముగిసిన మరుక్షణం తీసినది. చేతులు అప్పుడే మోకాలి మీదకు దిగాయి, వేళ్ళు ఇంకా సగం తెరిచే ఉన్నాయి, చెప్పింది ఎదుటివారికి అర్థమైందా లేదా అని కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు. ఫ్యాక్టరీలో కుర్రవాళ్ళకు పని నేర్పిన మనిషి ఆ చిత్రంలో ఉన్నారు. అన్నేళ్ళ గుర్తింపు కార్డుల్లో ఆయన ఎప్పుడూ కనిపించలేదు.

"రిలాక్స్ అవండి" అని ఆమె ఎవరితోనూ అనలేదు; ఆ మాట విని రిలాక్స్ అయినవారిని నేనింతవరకు చూడలేదు. ఆమె చెప్పే ప్రతి సూచనా ఒక పనిగా ఉంటుంది. భుజాలు దించమనడానికి బదులు, గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు. వదలగానే భుజాలు దిగుతాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడేవారిని వాచీ సర్దుకోమంటారు, చొక్కా మణికట్టు మడత పెట్టుకోమంటారు. నిలబడి తీసే చిత్రాల్లో బరువంతా వెనుక కాలి మీద వేయమంటారు. అలా వేస్తే ముందు మోకాలు సడలుతుంది, నడుము ఒక పక్కకు ఒదుగుతుంది, భుజాల గీత కొద్దిగా వాలుతుంది. మన శిల్పులు త్రిభంగంలో మెడ, నడుము, మోకాలు వంచి రాతికి ప్రాణం పోసింది ఈ సూత్రంతోనే. గడ్డం విషయంలో ఆమె మాట మరీ నచ్చింది. గడ్డం ఎత్తమంటే ముక్కుపుటాలు కనిపిస్తాయి, దించమంటే మెడ కింద మడత పడుతుంది. "నుదురు కొంచెం నా వైపు తీసుకురండి" అంటే రెండూ జరగకుండా దవడ గీత తేలుతుంది. చేసేవారికి తాబేలు మెడ చాచినట్టనిపించినా ఎదుటి నుంచి చూసే కెమెరాకు ఆ సంగతి తెలియదు.

అమ్మ విషయంలో ఇబ్బంది వేరు. ఆవిడ కెమెరాకు భయపడరు గాని, మగవాళ్ళు కొంగు సర్దమనో చేయి ఇలా పెట్టమనో అంటే ముడుచుకుపోతారు. 1892లో ప్రసిద్ధ ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఆడవారికోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళ చేతికి అప్పగించారంటే అప్పట్లో ఘోషా పట్టింపు అందుకు కారణం. ఘోషా పోయినా, కుచ్చిళ్ళు సర్దేది ఆడమనిషైతే కలిగే నిశ్చింత ఇప్పటికీ అలాగే ఉంది. ఇక్కడ కుచ్చిళ్ళు సర్దింది, నెక్లెసు కొక్కెం వెనక్కి తిప్పింది, నుదుటి చెమట అద్దింది ఫోటోగ్రాఫరుగారే. అలా చేస్తూనే గాజుల గురించి, చీరెక్కడ కొన్నారన్నదాని గురించి మాట కలిపారు. ఒళ్ళో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి బోర్లించి పెట్టుకునే అలవాటు అమ్మకుంది. అలా పెడితే చేతివెనుక భాగం వెడల్పుగా, ముఖంతో పోటీ పడుతున్నట్టు పడుతుందట. ఒక చేత్తో రెండో చేతి గాజులు తిప్పుకోమనగానే చేయి పక్కవాటుగా తిరిగి, వేళ్ళు సన్నగా కనిపించాయి.

నవ్వు కూడా ఆమె అడిగి తెచ్చుకునేది కాదు. ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ 1862లోనే ఈ సంగతి రాశాడు: పెదవుల కొసలను పైకి లాగే కండరం మన చెప్పుచేతల్లో ఉంటుంది, కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజంగా సంతోషం కలిగినప్పుడే బిగుస్తుంది. "స్మైల్ ప్లీజ్" అన్నప్పుడు మొదటిది మాత్రమే పనిచేస్తుంది కాబట్టి పళ్ళు కనిపిస్తాయి, కళ్ళు ఖాళీగా ఉంటాయి. అమ్మను ఆమె నవ్వమనలేదు, నాన్నగారు పెళ్ళిచూపుల్లో ఏం అడిగారో చెప్పమన్నారు. జవాబును ఇక్కడ రాస్తే ఇంట్లో నాకు అన్నం దొరకదు.

జంట చిత్రాల దగ్గర ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేసింది. ఈ వయసు దంపతులను కొందరు ఫోటోగ్రాఫర్లు తలకు తల ఆనించమంటారు, నడుం చుట్టూ చేయి వేయమంటారు, మోకాలి మీద కూర్చుని పువ్వివ్వమంటారు. సినిమాల్లో చూసిన ఆ ఫోజులు జన్మలో నలుగురి ముందు చేయి పట్టుకోని మనుషుల మీద అతికించినట్టే ఉంటాయి. ఇక్కడ ఇద్దరినీ ఒకరికొకరు కాస్త ఓరగా నిలబెట్టి, అమ్మతో "అయ్యగారి కండువా ఒక పక్కకు జారింది చూడండమ్మా" అన్నారు. అమ్మ రోజూ చేసే పనే అది. చేయి వెళ్ళింది, కండువా సర్దింది, భుజం మీద దుమ్ము దులిపినట్టు రెండుసార్లు తట్టింది; నాన్నగారు ఆ తట్టుకు అలవాటుగా ఇటు తిరిగారు. ఇంట్లో హాల్లో పెద్ద సైజులో కట్టించి పెట్టింది ఆ చిత్రమే.

కెమెరా పనితనం గురించి రెండు మాటలు. విడి చిత్రాలన్నీ 85 మిల్లీమీటర్ల లెన్సుతో, ఆరేడు అడుగుల దూరం నుంచి తీశారు. ఫోను ప్రధాన కెమెరా వెడల్పుగా చూసేది కాబట్టి ముఖం నిండుగా రావాలంటే మరీ దగ్గరికి వెళ్ళాలి, వెళితే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోయినట్టవుతుంది. ఆరేడు అడుగుల దూరంలో ఆ వికారం ఉండదు, మొహం మీదకు వచ్చి నిలబడ్డారన్న బెరుకూ ఉండదు, మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. నాన్నగారి కళ్ళజోడు మీద కిటికీ మెరుపు పడుతున్నప్పుడు జోడు కాడలను చెవుల మీద కొద్దిగా పైకి లేపమన్నారు. అద్దాలు కిందికి వాలి మెరుపు పోయింది. జోడు తీసేయమనలేదు, అందుకు సంతోషించాను, ఎందుకంటే జోడు లేని నాన్నగారు మాకెవరికీ తెలియదు. మా అక్క కూతురికి మూడేళ్ళు. దానికి సూచనలేమీ ఇవ్వలేదు, తాతగారి చేతికి ఒక తాళాలగుత్తి ఇచ్చి వదిలేశారు, అది సరిపోయింది.

ఇక గ్రూపు ఫోటో. అమ్మానాన్నలు, మేము, ఇద్దరు బాబాయిలు, పిన్నులు, మేనత్త, వాళ్ళ పిల్లలు కలిసి మూడు వరుసలు. విడి చిత్రాలకు అంత చక్కగా పనిచేసిన మాటల పద్ధతినే ఆమె ఇక్కడా పాటించారు. "మీలో మీరు మాట్లాడుకోండి, నేను తీసుకుంటాను" అన్నారు. మావాళ్ళు ఆ సలహాను ఎంత మనస్ఫూర్తిగా పాటించారంటే, ఏ ఒక్క చిత్రంలోనూ అందరి ముఖాలూ ఒకే సమయంలో కనిపించవు. ఒకదానిలో బాబాయి వెనక్కి తిరిగి ఉన్నారు, మరొకదానిలో మేనత్త చేయి పక్కవారి ముఖానికి అడ్డు. ఒక మనిషి సహజంగా ఉన్న క్షణాన్ని పట్టుకోవచ్చు. పదిహేనుమంది ఒక్క క్షణంలో ఒకేలా సహజంగా ఉండరు. అక్కడ కావలసింది పాతకాలపు స్టూడియో పెద్దమనిషి గొంతు. ఎత్తయినవారు మధ్యకు, వెనుకవారి గడ్డం ముందువారి భుజాల సందులోకి, కుర్చీల్లో కూర్చున్నవారి పాదాలు ఒకే వాటుకు, అందరూ కళ్ళు మూసి మూడు అనగానే తెరవండి అని శాసించేవారు ఉంటే తప్ప గ్రూపు ఫోటో కుదరదు. ఆ మాటలన్నీ అయ్యాక, చివర్లో ఒక చిన్న హాస్యం చాలు. ఈ పేట వాహినీ, విజయా స్టూడియోలు నడిచిన పేట. గుంపులను వరుసలో నిలబెట్టే విద్య ఒకప్పుడు ఈ వీధుల్లో చాలామందికి తెలిసే ఉండాలి.

సాంకేతికంగానూ ఇదే పొరపాటు. ఒకరిని తీసేటప్పుడు ఎఫ్/2 దగ్గర లెన్సును తెరిచి ఉంచడం అందం (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది). ఆ 85 లెన్సుతో మూడు మీటర్ల దూరంలో స్పష్టంగా పడే లోతు జానెడు కూడా ఉండదు, వెనుకదంతా మెత్తగా కరిగిపోతుంది. మూడు వరుసల మనుషులను తీసేటప్పుడు ఎఫ్/8 ప్రాంతానికి మూయాలి, అలా మూసినందుకు తగ్గిన వెలుతురును ఫ్లాషుతో పూడ్చాలి. కిటికీ వెలుతురు మీదే ఆధారపడటంతో ఆమె లెన్సును తగినంత మూయలేదు, దాంతో వెనుక వరుస ముఖాలు మసకబారాయి. గది చిన్నది కావడంతో వెడల్పు లెన్సు వాడక తప్పలేదు, దానితో రెండు కొసల్లో నిలబడ్డవారు పక్కకు సాగారు. ఎడమ కొసన ఉన్న పిన్నికి ఆ ఫోటో చూపించే ధైర్యం మాలో ఎవరికీ ఇంకా రాలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె వాదించలేదు. గ్రూపు ఫోటోను మళ్ళీ ఉచితంగా తీస్తామన్నారు. అందుకు బంధువులందరినీ మళ్ళీ ఒకచోట చేర్చడం మా వల్ల అయ్యే పని కాదు.

దిద్దుబాటు గురించి ఒక హెచ్చరిక. మొదట పంపిన ప్రూఫుల్లో నాన్నగారి నుదుటి గీతలు, అమ్మ చెంప మీద పుట్టుమచ్చ మాయమయ్యాయి, చర్మం ప్లాస్టిక్ పూసినట్టు నున్నగా తయారైంది. రెండు గంటలు ఓపికగా రాబట్టిన సహజత్వాన్ని కంప్యూటరు ముందు కూర్చున్నవారెవరో అయిదు నిమిషాల్లో తుడిచేశారు. ఈ పనిని బయటివారికి ఇస్తారని విచారిస్తే తెలిసింది. తిరిగి పంపి, పుట్టుమచ్చ, గీతలు ఉంచమని రాస్తే రెండోసారి సరిగానే చేశారు గాని, ఇచ్చిన గడువు దాటిపోయింది. వేడుక పిలుపు కార్డుకు ఆ చిత్రం అందలేదు. కాబట్టి చర్మం దిద్దవద్దని, రంగు, వెలుతురు మాత్రమే సరిచేయమని ముందే కాగితం మీద రాసి ఇవ్వండి.

లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి; మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేవారు ఈ సంగతి గమనించాలి. ఫోనులో మోకాళ్ళ గురించి అంత శ్రద్ధగా అడిగినవారు మెట్ల గురించి చెప్పకపోవడం విచిత్రమే. కారు నిలపడానికి చోటు లేదు, వడపళని మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో రావడం మేలు. పదిమందికి మించి వచ్చే కుటుంబాలు గ్రూపు ఫోటోను వేడుక జరిగే హాల్లోనే, వెనక్కి జరగడానికి చోటున్న వేరే ఫోటోగ్రాఫరుతో తీయించుకుని, ఇక్కడికి దంపతులను, కెమెరా అంటే బిగుసుకుపోయేవారిని తీసుకురావడం మంచిది. ముహూర్తాలున్న నెలల్లో ఆదివారాలు దొరకవు. ఆషాఢంలోనో ధనుర్మాసంలోనో, వారం మధ్యలో ఉదయం పది గంటలకు అడిగితే సులువుగా ఇస్తారు, ఆ రోజుల్లో తర్వాతి కుటుంబం గుమ్మంలో ఎదురుచూస్తూ ఉండదు కాబట్టి రెండు గంటలు దాటినా తొందరపెట్టరు.